ఎడమ చేత్తో ప్రమాణం: సైనికుడు, సెనేటర్ డేనియల్ ఇనౌయే జీవితం

[తెర మీద: అమెరికా ప్రతినిధుల సభ, 1959 ఆగస్టు 24]

హవాయికి రాష్ట్ర హోదా వచ్చి మూడు రోజులే అయింది. అక్కడి నుంచి గెలిచిన 34 ఏళ్ల డేనియల్ ఇనౌయే ప్రమాణ స్వీకారానికి నిలబడ్డారు. స్పీకర్ శామ్ రేబర్న్ అలవాటుగా, "కుడి చెయ్యి ఎత్తండి" అన్నారు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తారు. కుడి చెయ్యి లేదు. దాన్ని 14 ఏళ్ల కిందటే రెండో ప్రపంచ యుద్ధంలో, ఇటలీలో పోగొట్టుకున్నారు.

అమెరికా చట్టసభలో అడుగుపెట్టిన మొదటి జపనీస్ అమెరికన్ ఆయనే. అయితే అదే దేశం ఒకప్పుడు ఆయన్ని శత్రువుల జాబితాలో చేర్చింది. ఈయన కథ చెప్పాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

[తెర మీద: హోనోలులు, పెర్ల్ హార్బర్]

1924లో హవాయిలోని హోనోలులులో పుట్టారు. జపాన్ విమానాలు అక్కడి అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసిన రోజుకి 17 ఏళ్లు. రెడ్ క్రాస్ వాలంటీర్‌గా గాయపడ్డవాళ్లకి ప్రథమ చికిత్స చెయ్యడానికి పరిగెత్తారు. సర్జన్ కావాలన్నది ఆయన కోరిక. కానీ ఆ దాడి తర్వాత జపనీస్ మూలాలున్న యువకుల్ని "శత్రు దేశస్తులు" అనే కేటగిరీలో పెట్టి సైన్యంలోకి రానివ్వలేదు. పశ్చిమ తీరంలోనైతే దాదాపు 1,20,000 మందిని ఇళ్లూ దుకాణాలూ వదిలించి క్యాంపులకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టినవాళ్లు.

1943లో ప్రభుత్వం మనసు మార్చుకుని, జపనీస్ అమెరికన్లతోనే 442వ రెజిమెంటల్ కంబాట్ టీమ్ అనే సైనిక దళాన్ని పెట్టింది. హవాయి నుంచి 1,500 మంది కావాలంటే దాదాపు 10,000 మంది ముందుకొచ్చారు. తమను అనుమానించిన దేశం కోసం! మెడిసిన్ వైపు చదువుతున్న ఇనౌయే కూడా వాళ్లలో ఒకరు. సాగనంపుతూ తండ్రి ఒకటే మాట చెప్పారు: ఈ దేశం మనకు మేలు చేసింది, దాని పరువూ మన ఇంటి పరువూ తియ్యకు.

[తెర మీద: ఇటలీ కొండలు, 1945 ఏప్రిల్ 21]

సాన్ టెరెంజో దగ్గర ఒక గుట్ట. పైన జర్మన్ మెషిన్‌గన్లు. అప్పటికే పొట్టలో తూటా దిగినా ఇనౌయే ఆగలేదు. గ్రెనేడ్ విసరబోతుండగా శత్రువు కాల్చిన రైఫిల్ గ్రెనేడ్ తగిలి కుడి చెయ్యి దాదాపు తెగిపోయింది. ఆ పిడికిట్లో ఆయన గ్రెనేడ్ అలాగే ఉంది. సాయానికి వస్తున్న తనవాళ్లని దూరంగా ఉండమని అరిచి, ఎడమ చేత్తో దాన్ని ఊడదీసి విసిరారు.

అందరూ ఈ సాహసం గురించే చెప్తారు. నాకు మాత్రం ఆ తర్వాత ఆసుపత్రుల్లో గడిచిన దాదాపు రెండేళ్లే ఎక్కువ విలువైనవి అనిపిస్తాయి. సర్జన్ కల చేత్తోపాటే పోయింది. ఒకసారి సిగరెట్ అడిగితే, నర్సు ప్యాకెట్టూ అగ్గిపెట్టే మంచం మీద పెట్టి వెళ్లిపోయింది. ఒంటి చేత్తో ఎంత తంటాలు పడ్డా అగ్గిపుల్ల వెలగలేదు. చాలాసేపటికి ఆమె తిరిగొచ్చి, ఒక చేత్తో ఎలా గీయాలో నేర్పింది. ఇక మీదట ఏ పనీ వేరేవాళ్లు చేసిపెట్టరని, తనే నేర్చుకోవాలని అప్పుడే అర్థమైందని ఆయన తర్వాత చెప్పేవారు.

మిషిగన్‌లోని పెర్సీ జోన్స్ ఆర్మీ ఆసుపత్రిలో ఇంకో కుర్రాడు పరిచయమయ్యాడు. కాన్సస్ నుంచి వచ్చిన బాబ్ డోల్. అతనూ ఇటలీలోనే, ఇనౌయే కంటే సరిగ్గా వారం ముందు గాయపడ్డాడు. కుడి చెయ్యి ఇక పనిచెయ్యదు. "తర్వాత ఏం చేస్తావ్?" అని ఇనౌయే అడిగితే, ముందు రాష్ట్ర రాజకీయాలు, ఆపైన కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ అన్నాడు డోల్. ఆ ప్లాన్ ఇనౌయేకి నచ్చింది. 1959లో గెలిచాక, "నేను వచ్చేశాను, నువ్వెక్కడ?" అని డోల్‌కి కబురు పెట్టారు. డోల్ 1961లో వచ్చారు. ఒకరు డెమోక్రాట్, ఒకరు రిపబ్లికన్. పార్టీలు వేరైనా స్నేహం చివరిదాకా నిలిచింది.

[తెర మీద: కుటుంబ ఫోటో]

మార్గరెట్‌ని రెండోసారి కలిసినప్పుడే పెళ్లి చేసుకుంటావా అని అడిగేశారు. పెళ్లయింది. ఆయన చదువుకుంటుంటే ఆమె యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ ఇల్లు నడిపింది. ఆయన ప్రజాసేవలో ఆమె వాటా చిన్నదేమీ కాదు. 2006లో ఆమె పోయేదాకా కలిసే ఉన్నారు. కొడుకు కెన్ వాషింగ్టన్‌లో ఒక పంక్ బ్యాండ్‌లో గిటార్ వాయించేవాడు. సెనేటర్ గారి ఇంట్లో అదీ సందడి!

సెనేట్‌లో 1963 నుంచి దాదాపు 50 ఏళ్లు ఉన్నారు. ఒక్క ఎన్నికా ఓడిపోలేదు. అధ్యక్షుడు నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణం విచారణ కమిటీలో కూర్చున్నారు, 1987లో ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన ఇరాన్-కాంట్రా వ్యవహారంపై సెనేట్ కమిటీకి అధ్యక్షత వహించారు. అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్ మాత్రం 2000లో గానీ రాలేదు. ఆసియా మూలాలున్న సైనికులకు అప్పట్లో తక్కువ గౌరవం దక్కిందేమోనని పాత రికార్డులు తిరగేశాక, ఆయనతో కలిపి 22 మందికి ఇచ్చారు. అందులో చాలామంది అప్పటికే చనిపోయారు. 55 ఏళ్ల ఆలస్యం చిన్న అన్యాయం కాదు.

2012 డిసెంబర్ 17న కన్నుమూశారు. చివరి మాట "అలోహా" - హవాయి భాషలో ప్రేమగా పలకరించడానికీ, వీడ్కోలు చెప్పడానికీ వాడే మాట. భౌతికకాయాన్ని అమెరికా చట్టసభ భవనం క్యాపిటల్‌లోని గోపురం కింది మందిరం రొటుండాలో ఉంచినప్పుడు 89 ఏళ్ల డోల్ వచ్చారు. డానీ (ఇనౌయే) తనను చక్రాల కుర్చీలో చూడకూడదంటూ లేచి, మనిషి సాయంతో నడిచి వెళ్లి, ఎడమ చేత్తో సెల్యూట్ చేశారు.

[తెర మీద: మిషిగన్, బ్యాటిల్ క్రీక్]

వాళ్లిద్దరూ కలిసిన ఆ ఆసుపత్రి ఇప్పుడు ప్రభుత్వ కార్యాలయ భవనం. పేరు హార్ట్-డోల్-ఇనౌయే ఫెడరల్ సెంటర్. మొదటి పేరు ఫిలిప్ హార్ట్‌ది. నార్మండీ దాడిలో గాయపడి ఆయన కూడా అక్కడే చికిత్స పొందారు, ఆయన కూడా సెనేటర్ అయ్యారు.