డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ మాన్యువల్ స్విఫ్ట్ కొన్నా: క్లచ్ చూడకుండా టోకెన్ ఇవ్వకండి

అందరికీ నమస్తే. నా వెనకాల కనిపిస్తున్న ఈ తెల్ల స్విఫ్ట్‌ని మూడు నెలల కింద హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర కొన్నాను. 2019 మార్చి తయారీ, వీఎక్స్ఐ, పెట్రోల్, ఐదు గేర్ల మాన్యువల్, కొన్నప్పుడు మీటర్ మీద 52 వేల కిలోమీటర్లు. 4 లక్షల 70 వేలు చెప్పారు, 4 లక్షల 42 వేలకు బేరం తెగింది. బండి ఎలా ఉందో చెబుతాను, కానీ ముందు నేను వదిలేసిన ఇంకో బండి గురించి చెప్పాలి. మాన్యువల్ బండిని ఎలా చూడాలో నాకు తెలిసొచ్చింది దాని దగ్గరే.

అది కూడా స్విఫ్టే, గ్రే కలర్, వేరే డీలర్. "డాక్టర్ గారి బండి అన్నా, సింగిల్ హ్యాండ్, 38 వేలే తిరిగింది" అన్నాడు. పాలిష్ కొట్టి అద్దంలా మెరిపించారు, సీట్లకు కొత్త కవర్లు, లోపల మంచి వాసన. నేను వెళ్లేసరికే ఇంజన్ ఆన్‌లో ఉంది, ఏసీ వేసి ఉంది. ఎండలో వచ్చాం కదా, మర్యాదగా వేసి పెట్టారనుకున్నాను, వేరే వాళ్లు కూడా చూస్తున్నారంటే టెన్షన్‌లో 5 వేలు టోకెన్ కూడా ఇచ్చేశాను. సాయంత్రం ఈ మాట చెబితే మా మెకానిక్ అన్న అడిగిన మొదటి ప్రశ్న, "చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూశావా తమ్ముడూ?" అని. చూడలేదు.

మర్నాడు పొద్దున చెప్పకుండా ఇద్దరం వెళ్లాం. అన్న ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, చల్లగా ఉంది. అప్పుడు స్టార్ట్ చేయించాడు. న్యూట్రల్‌లో సన్నగా గరగరమని చప్పుడు, క్లచ్ తొక్కగానే ఆగిపోతోంది, వదిలితే మళ్లీ వస్తోంది. ఇది గుర్తుపెట్టుకోండి: క్లచ్ తొక్కినప్పుడు చప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్ (తొక్కినప్పుడు క్లచ్‌ని విడిపించే బేరింగ్) మీద అనుమానం, అది క్లచ్ సెట్‌తో పాటే మారిపోతుంది. తొక్కితే పోయి వదిలితే వచ్చిందంటే మాత్రం గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌ని అనుమానించాలి, అంటే గేర్‌బాక్స్ దించడమే కాదు, దాన్ని విప్పాలి కూడా. ఖర్చులో చాలా తేడా ఉంటుంది. బండి వేడెక్కి, ఏసీ ఫ్యాన్ తిరుగుతూ ఉంటే ఈ చప్పుడు మీ చెవిన పడటం కష్టం.

తర్వాత అన్న డోర్ తీసి కింద కూర్చుని పెడల్స్ మీద టార్చ్ వేశాడు. క్లచ్ పెడల్ రబ్బరు మీద అడ్డ గీతలు ఉంటాయి కదా, అవి పూర్తిగా అరిగి నున్నగా అయిపోయాయి, ఎడమ అంచు దగ్గరైతే రబ్బరు పోయి ఇనుము కనిపిస్తోంది. 38 వేలు తిరిగిన బండికి అంత అరుగుదల రాదు. స్టీరింగ్‌కి కవర్ వేయొచ్చు, గేర్ నాబ్ కొత్తది బిగించొచ్చు, మీటర్ వెనక్కి తిప్పొచ్చు, పెడల్ రబ్బరు మార్చడం మాత్రం చాలామంది మర్చిపోతారు. ఒకవేళ అదొక్కటే కొత్తగా కనిపించినా ఎందుకు మార్చారో అడగండి.

అక్కడి నుంచి ఫ్లైఓవర్ ఎక్కించాం. నాలుగో గేర్‌లో 40 స్పీడ్‌లో ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు (ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) గబగబా 3 వేల 500 దాకా లేచింది, స్పీడ్ ముల్లు మాత్రం అక్కడే ఉంది. ఇంజన్ తిరుగుతోంది, ఆ బలం చక్రాలకు అందడం లేదు, అంటే క్లచ్ ప్లేట్ జారుతోంది. దిగేటప్పుడు మూడు నుంచి రెండుకి వేస్తే గర్రుమంది, అది సింక్రోనైజర్, అంటే గేర్లు చప్పుడు లేకుండా పడేలా చేసే భాగం, అరిగిన గుర్తు. ఆ బండి నంబర్‌తో ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఏడాది కిందటి సర్వీస్‌లోనే 91 వేల కిలోమీటర్లు రాసి ఉంది. డీలర్‌ని నిలదీస్తే "మా దగ్గరికి వచ్చినప్పుడే అలా ఉందన్నా" అన్నాడు. నా 5 వేలు తిరిగి రావడానికి మూడు వారాలు తిరిగాను. అందుకే బతిమాలి చెబుతున్నాను, ఎంత తొందరపెట్టినా బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఏదైనా ఎత్తు ఎక్కించి చూసేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి.

దగ్గర్లో ఫ్లైఓవర్ లేకపోతే యార్డ్‌లోనే చూడొచ్చు. బండి ముందు ఖాళీ ఉండాలి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్ వేసి, కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ టక్కున ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉందంటే క్లచ్ పని అయిపోయినట్టే. ఇది ఒక్కసారి చాలు, మళ్లీ మళ్లీ చేస్తే బాగున్న క్లచ్ కూడా కాలుతుంది.

ఇక నా బండి. కెమెరా కొంచెం కిందికి దించుతున్నా, చూడండి, క్లచ్ పెడల్ మీద గీతలు ఇంకా వేలికి తగులుతున్నాయి. పెడల్ సగం దూరం పైకి వచ్చేసరికి బండి కదులుతుంది. ఇంచుమించు పైదాకా వచ్చాక గానీ కదలకపోతే ప్లేట్ అరిగిందని అనుమానించాలి. అలాంటి బండే నచ్చితే క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చడానికి ఎంతవుతుందో మీ మెకానిక్‌ని అడిగి, ఆ డబ్బు ధరలో తగ్గించమనండి. రిపేరు సంగతి ఆలోచించే నేను పాత బండిలో ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే రకం) వద్దనుకున్నాను. మాన్యువల్ క్లచ్ పని మన ఊరి షెడ్‌లో కూడా అయిపోతుంది, ఏఎంటీలో గేర్లు మార్చే యాక్చుయేటర్ మొరాయిస్తే షెడ్ వాళ్లలో చాలామంది చెయ్యి పెట్టరు. రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో ఉండేవాళ్లకు ఎడమ మోకాలి నొప్పి నిజమే, వాళ్లకు నేను మాన్యువల్ తీసుకోమని చెప్పను.

నడపడానికి మాత్రం ఎంత హాయిగా ఉంటుందో. 1,197 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్, 83 పీఎస్ పవర్, 113 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), బండి బరువు 900 కిలోల లోపే, రెండో గేర్‌లో సందుల్లోంచి అలా దూసుకెళ్తుంది. సిటీలో నాకు లీటరుకు 15 వస్తోంది, ఔటర్ మీద 90లో వెళ్తే 20 దాకా. ఒక్క విషయం దాచను, ఈ మోడల్‌కి 2018 గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్‌లో (బండిని గుద్దించి భద్రత చూసే టెస్ట్) ఐదుకి రెండు స్టార్లే వచ్చాయి. ఎక్కువగా హైవేల మీద కుటుంబంతో తిరిగేవాళ్లు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

నీళ్లలో మునిగిన బండేమో అని చూడటం మర్చిపోకండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు కాలనీలన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి బండ్లను కడిగి, ఆరబెట్టి, వేరే ఊళ్లో అమ్మే అవకాశం ఉంటుంది. సీట్ బెల్ట్‌ని చివరి వరకు, ఇలా మొత్తం బయటికి లాగండి. పైన ఎంత శుభ్రంగా ఉన్నా లోపల చుట్టుకుని ఉండే ఈ చివరి మూర దగ్గర బురద మరక ఉండిపోతుంది. సీటు కింద పట్టాలు, డిక్కీలో స్టెప్నీ గుంత కూడా తుప్పు కోసం చూడండి. టైర్ల మీద నాలుగు అంకెలు ఉంటాయి, 1119 అంటే 2019లో 11వ వారం. నా బండికి నాలుగు టైర్లూ మార్చేశారు, స్టెప్నీ మాత్రం 0919, అంటే బండితో వచ్చిందే.

కాగితాల దగ్గర అస్సలు మొహమాటపడొద్దు. "ఫారం 29, 30 (బండి పేరు మార్పు కాగితాలు) మీద ఓనర్ సంతకాలు ఉన్నాయి, మీరు తర్వాత మార్చుకోండి" అంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఆర్సీ మీ పేరు మీదకు మారేదాకా కొంత డబ్బు ఆపుకోండి, నేను 20 వేలు ఆపాను, ఆర్సీ వచ్చిన రోజే ఇచ్చాను. పాత లోన్ ఉంటే అప్పు తీరిందని బ్యాంక్ ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీలోంచి ఆ లోన్ తీయించే ఫారం 35 చేతికి తీసుకోండి. చలాన్లు ఎన్ని ఉన్నాయో ఆన్‌లైన్‌లో నంబర్ కొట్టి అక్కడే కట్టించండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్చుకోవాలి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, కాబట్టి ప్రీమియం తేడా కొంత కట్టాల్సి రావచ్చు. డీలర్ జీఎస్టీ పేరు చెప్పి బండి మొత్తం ధర మీద 18 శాతం అడిగితే ఒప్పుకోకండి, మామూలుగా ఆ పన్ను అతని మార్జిన్ మీదే, అంటే అతను కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా మీదే పడుతుంది.

కొన్న తర్వాత నాకు తగిలిన ఖర్చు బ్యాటరీ ఒక్కటే. చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్ కొంచెం బిగుతుగా పడుతోంది, కిలోమీటర్ వెళ్లాక సర్దుకుంటోంది. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో రికార్డులో లేదు, అందుకే వచ్చే ఆదివారం అన్న షెడ్‌లో దింపిస్తున్నాను. పాత ఆయిల్‌లో ఇనుప రజను ఎంత ఉందో ట్రేలో పోసి మీకే చూపిస్తా.