క్యాషియర్ లేని కొట్టులో పని ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

బిల్లు కౌంటర్ దగ్గర ఎప్పుడూ మనం నిలబడ్డ వరుసే కదలదు. ఆ బాధ లేకుండా చేస్తామంటూ అమెజాన్ సంస్థ 2018 జనవరిలో అమెరికాలోని సియాటిల్‌లో ఒక దుకాణం తెరిచింది. గేటు దగ్గర ఫోన్‌లో కోడ్ చూపించి లోపలికి వెళ్లడం, కావలసినవి సంచిలో వేసుకోవడం, బయటికి నడవడం, అంతే. డబ్బు ఖాతాలోంచి దానంతటదే పోయేది, రసీదు ఫోన్‌కి వచ్చేది. తమాషా ఏమిటంటే, తెరిచిన రోజు ఆ కొట్టులోకి వెళ్లడానికే జనం బయట క్యూ కట్టారు.

ఇదెలా పనిచేస్తుంది? పైకప్పు నిండా కెమెరాలు, షెల్ఫుల్లో బరువు పసిగట్టే సెన్సర్లు. మీరు ఒక సబ్బు తీశారనుకోండి. షెల్ఫ్ మీద సబ్బంత బరువు తగ్గుతుంది. ఆ క్షణాన అక్కడున్న చెయ్యి మీదేనని కెమెరా పట్టుకుంటుంది. మీ లెక్కలో సబ్బు పడుతుంది. మనసు మారి తిరిగి పెట్టేస్తే, తీసేస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ సబ్బును తీసుకెళ్లి బిస్కెట్ల మధ్య పెట్టేస్తే? ఇద్దరు భుజాలు రాసుకుంటూ ఒకే షెల్ఫ్‌లోకి ఒకేసారి చేతులు పెడితే? వెంట వచ్చిన పిల్లాడు చటుక్కున లాక్కున్న చాక్లెట్ ఎవరి ఖాతాలో రాయాలి? షాపింగ్‌లో మనం పద్ధతిగా ఉండం మరి!

అలా యంత్రం తేల్చుకోలేనప్పుడు వీడియో మనుషుల దగ్గరికి వెళ్తుంది. 2022లో ప్రతి 1,000 కొనుగోళ్లలో 700 దాకా మనుషులే సరిచూశారని, వాళ్లలో చాలామంది భారతదేశంలోనే కూర్చుని ఆ పని చేశారని పత్రికలు రాశాయి. ఆ లెక్క సరికాదని అమెజాన్ అంది. మనుషుల పాత్ర అసలు లేదని మాత్రం అనలేదు.

నిజానికి పని చేతులు మారడం కొత్తేమీ కాదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ అనే కొట్టు వచ్చేదాకా, సరుకులు అందివ్వడం కొట్టువాళ్ల పనే. ఆ తర్వాత బుట్ట మన చేతికొచ్చింది. మనమే స్కాన్ చేసుకునే కౌంటర్లు వచ్చాక క్యాషియర్ పనీ మనకే అంటగట్టారు. అదీ జీతం లేకుండా! కెమెరాల కొట్టు నయమే, మనతో పని చేయించదు. కాకపోతే ఆ పని మన కంటికి కనబడని చోటికి పోయింది.

2024లో అమెజాన్ అమెరికాలోని తన ‘ఫ్రెష్’ అనే కిరాణా దుకాణాల నుంచి ఈ పద్ధతిని తీసేస్తున్నట్టు చెప్పింది. బదులుగా స్క్రీన్ ఉన్న తోపుడుబండ్లు పెట్టింది. కొంటున్నప్పుడే ఎంతయిందో చూసుకోవాలని కొనేవాళ్లు కోరుకున్నారట. కోరరా మరి? డబ్బు కట్టేముందే బిల్లు ఒకసారి చూసుకోవడం ఎవరికైనా అలవాటే.

బ్యాంకు ఖాతా, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల సంగతేమిటన్న ప్రశ్న కూడా వచ్చింది. దుకాణాలు నగదు తీసుకోవలసిందేనని 2019లో ఫిలడెల్ఫియా నగరం, న్యూజెర్సీ రాష్ట్రం చట్టాలు చేశాయి. అదే ఏడాది న్యూయార్క్‌లో తెరిచిన దుకాణంలో అమెజాన్ నగదు తీసుకోవడం మొదలుపెట్టింది. ఎలాగంటే, ఒక ఉద్యోగి చేతిలో పరికరంతో వచ్చి, సరుకులు స్కాన్ చేసి, డబ్బు తీసుకుని, చిల్లర ఇచ్చేవారు.

నమస్కారం.