ఎప్‌సెట్ ర్యాంకు లేనివాళ్లకు విశ్వవిద్యాలయం దారులు

అందరికీ నమస్కారం. పిల్లలూ, తల్లిదండ్రులూ కలిసే వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం. ఇంజినీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో అర్హత రాలేదనో, వచ్చిన ర్యాంకుకు కౌన్సెలింగ్‌లో సీటు దొరకలేదనో, అసలు ఇంటరే మధ్యలో ఆగిపోయిందనో కంగారుపడి, చాలామంది ఈ రోజుల్లోనే ఎవరో చెప్పిన కాలేజీకి డబ్బు కట్టేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు మీ చేతిలో ఏ కాగితం ఉందో చూసుకోండి. పదో తరగతి మెమో ఉన్నవాళ్లకు ఒక దారి, ఇంటర్ మెమో ఉన్నవాళ్లకు ఇంకొకటి, డిప్లొమా ఉన్నవాళ్లకు వేరొకటి.

పదో తరగతి ఈ ఏడాదే పాసైనవాళ్లతో మొదలుపెడదాం. 2008లో మొదలైన ఆర్జీయూకేటీని మనందరం ట్రిపుల్ ఐటీ అంటాం. తెలంగాణలో బాసర, ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఆర్కే వ్యాలీ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు ఉన్నాయి. ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు. ఎంపిక పదో తరగతి మార్కులతోనే. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అదనపు స్కోరు కలుపుతారు. జీపీఏ పద్ధతిలో అది 0.4. ఒక్క పాయింటులో వందల మంది పోటీపడే చోట అది చాలా పెద్ద తేడా. అయితే పది మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లకు ఈ తలుపు తెరుచుకోదు.

ఇక పాలిటెక్నిక్. తక్కువ ఖర్చుతో బీటెక్ దాకా వెళ్లాలనుకునే పిల్లలకు ఇంతకన్నా నమ్మదగిన దారి లేదని మా అభిప్రాయం. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తారు. ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతారు. ఇక్కడ ఇంటర్ అవసరం లేదు, ఎప్‌సెట్ అవసరం లేదు. డిప్లొమాలో 45 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం చాలు. ఈసెట్ 200 ప్రశ్నల పరీక్ష, మూడు గంటల సమయం. గణితానికి 50, భౌతికశాస్త్రానికి 25, రసాయనశాస్త్రానికి 25, సొంత బ్రాంచి సబ్జెక్టులకు 100. అర్హతకు 50 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కనీస మార్కుల నిబంధన లేదు.

దెబ్బ తగిలేది సాధారణంగా రెండు చోట్ల. మొదటిది బ్రాంచి. పదో తరగతి అయ్యాక ఎంచుకున్న డిప్లొమా బ్రాంచే మూడేళ్ల తర్వాత ఏ బీటెక్‌లో చేరగలరో నిర్ణయిస్తుంది. ఏ డిప్లొమాకు ఏ బీటెక్ బ్రాంచి అన్న పట్టిక ఈసెట్ నోటిఫికేషన్ చివర ఉంటుంది. సివిల్ డిప్లొమా చేసి కంప్యూటర్ సైన్స్‌లోకి మారిపోదాం అనుకుంటే ఆ పట్టిక ఒప్పుకోదు. కాబట్టి పాలిసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లేముందే ఈసెట్ పట్టిక చదవండి. రెండోది సైన్సు. భౌతిక, రసాయన శాస్త్రాలు డిప్లొమా మొదట్లోనే అయిపోతాయి, ఆఖరి ఏడాదికి పిల్లలు వాటిని పూర్తిగా మరిచిపోతారు. అందరూ బ్రాంచి సబ్జెక్టులే చదువుతారు కనుక, ర్యాంకులో తేడా తెచ్చేది గణితంతో కలిపి ఈ 100 మార్కులే. అయిదో సెమిస్టర్ నుంచి రోజుకో గంట వీటికి కేటాయించండి. సీటు వచ్చాక ఇంకో ఇబ్బంది ఉంది: బీటెక్ మొదటి ఏడాది గణితం, ప్రోగ్రామింగ్ మీరు చదవలేదు, రెండో ఏడాది పాఠాలు మాత్రం వాటి మీదే నిలబడతాయి. తరగతులు మొదలయ్యేలోపు ఉన్న వారాల్లో కలనగణితం, మాత్రికలు, సీ భాష చూసుకున్నవాళ్లకు మూడో సెమిస్టర్‌లో బ్యాక్‌లాగులు తగ్గుతాయి.

ఈసెట్ డిప్లొమావాళ్లకే అనుకోకండి. గణితం ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చేసినవాళ్లూ రాయొచ్చు. డి ఫార్మసీవాళ్లు దీని ద్వారానే బీ ఫార్మసీ రెండో సంవత్సరానికి వెళ్తారు. వ్యవసాయ డిప్లొమా ఉన్నవాళ్లకు బీఎస్సీ అగ్రికల్చర్ కోసం అగ్రిసెట్ వేరే ఉంది.

ఇంటర్ మెమో చేతిలో ఉన్నవాళ్లకు డిగ్రీ కాలేజీ సీటు మార్కులతోనే వస్తుంది. ఆ సీట్లు కేటాయించే ప్రవేశ ప్రక్రియ పేరు తెలంగాణలో 2016 నుంచి దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో ఓఏఎండీసీ. రెండూ ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి. దోస్త్‌లో ఎక్కువమంది నష్టపోయేది మార్కుల వల్ల కాదు. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు పనిచేయకపోవడం ఒకటి. మూడో నాలుగో వెబ్ ఆప్షన్లు, అంటే కోరుకునే కాలేజీల ఎంపికలు, మాత్రమే పెట్టడం ఇంకొకటి. అన్నిటికన్నా బాధ కలిగించేది, సీటు వచ్చాక చేరుతున్నానని గడువులోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోవడం. అది చేయకపోతే వచ్చిన సీటు పోతుంది.

మేనేజ్‌మెంట్ కోటా గురించి ఒక్క మాట. ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం ఉంటే ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో బీ కేటగిరీ సీటు దొరకవచ్చు. కానీ ఆ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. ఈసెట్ కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటుకు అర్హులకు వస్తుంది. నాలుగేళ్ల మొత్తం ఖర్చు కాగితం మీద వేసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

2020లో మద్రాసు ఐఐటీ మొదలుపెట్టిన డేటా సైన్స్ బీఎస్ అనే ఆన్‌లైన్ డిగ్రీ గురించి ఇంకా చాలా ఊళ్లలో తెలియదు. జేఈఈ అక్కర్లేదు, వయసు పరిమితి లేదు. పదిలో గణితం, ఇంగ్లిష్ చదివి, పన్నెండో తరగతి లేదా దానికి సమానమైనది పాసైతే చాలు. ఇంటర్‌లో ఆర్ట్స్ తీసుకున్నా పర్వాలేదు. దరఖాస్తు చేశాక నాలుగు వారాల పాఠాలు ఇస్తారు: ఇంగ్లిష్, గణితం, గణాంకశాస్త్రం, కంప్యుటేషనల్ థింకింగ్. వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి, వాటిలో కనీస స్కోరు వస్తేనే క్వాలిఫయర్ పరీక్షకు పిలుస్తారు. ఆ పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. ర్యాంకు లేదు, సీట్ల లెక్క లేదు. గీత దాటిన ప్రతివాళ్లకూ ప్రవేశం ఉంటుంది. చాలామంది మొదటి వారం వీడియోలు వాయిదా వేసి, అసైన్‌మెంటు గడువు దాటాక మేల్కొంటారు. చదువు మొదలయ్యాక మధ్యలో ఆపాల్సి వచ్చినా ఫౌండేషన్ సర్టిఫికెట్, డిప్లొమా, బీఎస్సీ అని మెట్లు ఉన్నాయి. ఇది బీటెక్ కాదు, ఆ తేడా తెలిసే చేరండి. 2022 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది కనుక, దోస్త్ ద్వారా ఊళ్లో కాలేజీలో చేరి, ఇంటి దగ్గర ఇది కూడా చేయొచ్చు.

ఇంటరే లేనివాళ్లు ముందు ఓపెన్ ఇంటర్ పూర్తి చేయండి. తెలంగాణ, ఆంధ్ర ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి, జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్ ఉంది. ఎన్ఐఓఎస్‌లో అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి. అయిదేళ్ల గడువులో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. పాత బోర్డులో పాసైన సబ్జెక్టుల్లో రెండు వరకు బదిలీ చేసుకోవచ్చు. ఇంటర్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పి చదువు మానేసినవాళ్లకు ఇది పెద్ద మేలు. ప్రాక్టికల్స్‌కు హాజరు కాకపోవడం వల్లే ఎక్కువమంది ఫలితం ఆగిపోతుంది. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు ముందు ఏం చదవాలనుకుంటున్నారో చూసుకోండి. గణితం, భౌతికశాస్త్రం లేకుండా ఇంటర్ ముగించి, తర్వాత ఇంజినీరింగ్ అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ ఇంటర్‌తో డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో, ఇగ్నోలోనో డిగ్రీ చేయొచ్చు. అంబేద్కర్ వర్సిటీ 1982లో పుట్టింది, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. పనిచేసుకుంటూ చదివే ఆడపిల్లలకు, పెళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టినవాళ్లకు ఇది ఎంత ఆసరానో చెప్పనక్కర్లేదు.

దూరవిద్యలో చేరేవాళ్లు ఒకటి తప్పక చేయండి. ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా బ్యూరో (డెబ్) వెబ్‌సైట్‌లో చూడండి. 2024 నుంచి ఆ బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ లేకుండా ప్రవేశం చెల్లదు. దాన్ని విద్యార్థే సొంతంగా తీసుకోవాలి. ఎవరైనా ఏజెంటు అది అక్కర్లేదంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి. ముఖ్యంగా దూరవిద్యలో బీటెక్ అనే మాట నమ్మవద్దు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా అలా ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలను 2017 నవంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టి రద్దు చేసింది. అప్పటికి ఉద్యోగాల్లో, పదోన్నతుల్లో ఉన్నవాళ్లు కూడా దెబ్బతిన్నారు.

చివరగా, తొందరలో చేరి మనసు మార్చుకున్నవాళ్లకు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం డిగ్రీ కాలేజీలు ఒరిజినల్ మెమోలు తమ దగ్గర ఉంచుకోకూడదు. సరిచూసి తిరిగి ఇచ్చేయాలి. ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజుల ముందే మానేస్తే ప్రాసెసింగ్ ఖర్చు పోను మొత్తం ఫీజు వెనక్కి రావాలి. 15 రోజులలోపు అయితే 90 శాతం, తేదీ దాటిన 15 రోజులలోపు 80 శాతం, 30 రోజులలోపు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. కాబట్టి మానేయాలనుకున్న రోజే రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.