గోడ మీద ఆడితే కళ, తెర మీద ఆడితే సినిమా? – రాత్రి 8 గంటల చర్చ

(ప్రసారమైన చర్చను విని రాసింది. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. హైదరాబాద్‌లో ఒక కళాకేంద్రం. చిత్రకళా ప్రదర్శన జరుగుతోంది. దాంతోపాటు ఆదివారం సాయంత్రం ఒక డాక్యుమెంటరీ వేద్దామనుకున్నారు. బొమ్మ పడటానికి పది నిమిషాల ముందు పోలీసులొచ్చి సెన్సార్ సర్టిఫికెట్ ఏదన్నారు. లేదన్నారు. షో ఆగింది. ఎవరి వైపూ మొగ్గకుండా అందరి మాటా సమానంగా వింటాం. మనతో ఉన్నవారు నిర్మాత, థియేటర్ల యజమాని కూడా అయిన పెద్దాయన. మంచి సినిమాలు కలిసి చూసేవాళ్ల సంఘం, అంటే ఫిల్మ్ సొసైటీ నడిపే మేడమ్. అక్కడ బొమ్మలు పెట్టిన చిత్రకారుడు గారు. హైకోర్టు న్యాయవాది గారు. మేడమ్, మొదట మీరు. సామాన్యుడికి దీనివల్ల ఏం ఒరుగుతుంది?

ఫిల్మ్ సొసైటీ: ముందు జరిగింది చెప్తానండి. నలభై కుర్చీలు వేశాం. టికెట్ పెట్టలేదు. సినిమా తీసినాయన కూడా వచ్చి ముందు వరసలో...

నిర్మాత: టికెట్ లేకపోతే చట్టం ఉండదామ్మా?

ఫిల్మ్ సొసైటీ: నన్ను పూర్తి చేయనివ్వండి.

నిర్మాత: చేయండి, చేయండి. నేనడిగేది ఒక్కటే. నా సినిమా సర్టిఫికెట్ లేకుండా ఒక్క ఆట వేస్తే నన్ను లోపలేస్తారు. మీకేమో ఆ రూల్ లేదా? కళ అని బోర్డు పెట్టుకుంటే సరిపోతుందా?

యాంకర్: లాయర్ గారూ, లోపలేస్తారా?

న్యాయవాది: వేయొచ్చు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. టికెట్ ఉందా లేదా అన్నది కాదు, అది బహిరంగ ప్రదర్శనా కాదా అన్నదే ప్రశ్న. నలభై మందిని పిలిచి వేస్తే పబ్లిక్కా, ప్రైవేటా? పేచీ అంతా అక్కడే. ఇది సినిమా సంగతి. చోటు సంగతి వేరు. దానికి 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద రాష్ట్రం ఇచ్చే లైసెన్స్...

నిర్మాత: రెండూ తెచ్చుకుంటున్నాం మేం! అది రాసుకోండి. రెండూ!

యాంకర్: మరి సామాన్యుడు...

చిత్రకారుడు: నేనొక మాట చెప్పొచ్చా? ఆపింది కింద హాల్లో. పై గదిలో నా వీడియో ఒకటి నాలుగు రోజులుగా ఆడుతూనే ఉంది. ఏడు నిమిషాలది. మగ్గం మీద ఒక ముసలాయన చేతులు, అంతే, ముఖం కనపడదు. అయిపోగానే మళ్లీ మొదటికొస్తుంది. కింద షో ఆపిన ఎస్సై గారు పైకొచ్చారు. నిలబడి చూశారు. "ఇదేంటండీ?" అన్నారు. వీడియో ఆర్ట్ అన్నాను. "ఎప్పుడైపోతుంది?" అన్నారు. అవదండీ అన్నాను. ఇంకో రెండు నిమిషాలు చూసి, "మా నాయన కూడా నేసేవాడు" అని దిగి వెళ్లిపోయారు.

యాంకర్: చూశారా, అదీ సామాన్యుడి స్పందన! మరి అలాంటివాళ్లను ఎందుకు పిలవరు? అన్నీ ఇంగ్లిష్ కార్డులే కదా గోడ మీద?

చిత్రకారుడు: తెలుగులోనూ పెట్టామండీ.

యాంకర్: పెట్టినా చదివేవాడు రావాలి కదా!

న్యాయవాది: అసలు చిక్కు ఆయన చెప్పినదాంట్లోనే ఉంది. కదిలే బొమ్మలు చూపించే ఏ పరికరమైనా ఆ చట్టం దృష్టిలో సినిమాటోగ్రాఫే. ఆ లెక్కన మగ్గం కూడా...

చిత్రకారుడు: నా మగ్గానికీ సెన్సారా?

నిర్మాత: తీసుకోండి మరి! మా హీరో సిగరెట్ వెలిగిస్తే కింద అక్షరాలు వేయాలి. మీ పటంలో తాత చుట్ట తాగుతుంటే కింద ఏం వేశారు?

(స్టూడియోలో నవ్వులు. నిర్మాత ఆగలేదు. ఇక్కడి నుంచి దాదాపు రెండు నిమిషాలు ఆయనే మాట్లాడారు. ఊళ్లలో థియేటర్లు కల్యాణ మండపాలైపోవడం, కరెంటు బిల్లు, ఓటీటీ వచ్చాక మ్యాట్నీకి జనం తగ్గడం. మూడుసార్లు చెప్పినందువల్ల ఒకసారే రాస్తున్నాం.)

ఫిల్మ్ సొసైటీ: సార్, మీ కష్టాలు వేరు, ఇది వేరు. 1959లో సత్యజిత్ రాయ్ గారి లాంటి వాళ్లు కలిసి ఫిల్మ్ సొసైటీల ఫెడరేషన్ పెట్టారు. మన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ 1974 నాటిది. వ్యాపారం కాని సినిమా చూడాలంటే ఈ దారే...

నిర్మాత: వ్యాపారం బూతా అమ్మా?

ఫిల్మ్ సొసైటీ: నేనలా అనలేదు. ఫిల్మ్ ఫెస్టివల్‌కైతే కేంద్ర సమాచార ప్రసార శాఖ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇస్తుంది. ఒక్క సాయంత్రం, నలభై కుర్చీలు, దానికీ ఢిల్లీకి అర్జీ పెట్టుకోవాలా? పెట్టుకున్నా ఇస్తారని లేదు. 2017లో తిరువనంతపురం డాక్యుమెంటరీ ఫెస్టివల్‌లో మూడు సినిమాలకు ఇవ్వలేదు. నడిపింది సాక్షాత్తు రాష్ట్ర ప్రభుత్వ చలనచిత్ర అకాడమీ. మేమెంత?

యాంకర్: కేరళ వదిలేయండి. ఇక్కడి సామాన్యుడు...

న్యాయవాది: 1970లో సినిమా దర్శకుడు కె.ఎ. అబ్బాస్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ముందస్తు సెన్సార్ చెల్లుతుందని తేల్చింది. మిగతా కళలకన్నా సినిమా మనిషిని ఎక్కువగా కదిలిస్తుంది కాబట్టి దాన్ని వేరుగా చూడొచ్చు అంది.

చిత్రకారుడు: అంటే మా బొమ్మలు కదిలించవని సుప్రీంకోర్టే చెప్పిందా?

న్యాయవాది: (నవ్వుతూ) అలా కాదు లెండి. 1989లో రంగరాజన్ కేసులో ఇంకో మాట కూడా చెప్పింది. గొడవలవుతాయన్న బెదిరింపుకి లొంగి సినిమా ఆపకూడదు, రక్షణ కల్పించడం ప్రభుత్వం పని అంది. కాకపోతే అది సర్టిఫికెట్ ఉన్న సినిమా...

నిర్మాత: విన్నారా! సర్టిఫికెట్ ఉన్న సినిమా! లాయర్ గారే చెప్పారు. అయిపోయింది చర్చ.

ఫిల్మ్ సొసైటీ: ఎక్కడ అయిపోయింది? ఇంతవరకు ఆ డాక్యుమెంటరీ దేని గురించో కూడా ఎవరూ...

యాంకర్: వస్తాను మేడమ్, దానికీ వస్తాను. చిత్రకారుడు గారూ, అసలు బొమ్మల దగ్గర సినిమా ఎందుకు? బొమ్మలు బొమ్మలే పెట్టుకోవచ్చు కదా?

(దానికి మళ్లీ రాలేదు.)

చిత్రకారుడు: అలా కలిపి పెట్టడం కొత్తేం కాదండీ. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ గారు బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ కట్టారు. ఒకే కప్పు కింద బొమ్మలు, చిన్న థియేటర్. ఆ ఊహ మన ఊళ్లోనే...

నిర్మాత: ఏమైంది? మూతపడింది!

చిత్రకారుడు: ఎందుకు మూతపడిందో కూడా చెప్పాలి కదా సార్. ఆయన దేశమే వదిలి...

యాంకర్: అటు వద్దు, అటు వద్దు. చాలా సెన్సిటివ్.

ఫిల్మ్ సొసైటీ: బంజారాహిల్స్‌లోనే లామకాన్ అని సాంస్కృతిక కేంద్రం ఉంది కదా. 2010 నుంచి నడుస్తోంది. ఒక ఇల్లు, ముందు పెద్ద బండరాళ్లు. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మీ సామాన్యుడు కూడా.

నిర్మాత: సమోసా కోసం వెళ్తారమ్మా అక్కడికి! నేనూ వెళ్లాను.

యాంకర్: సమోసా బాగుంటుందా సార్?

నిర్మాత: బాగుంటుంది. చవక కూడా.

ఫిల్మ్ సొసైటీ: మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ డబ్బులతో అక్కడ పదిమంది టీ తాగొచ్చు.

నిర్మాత: మల్టీప్లెక్స్ సంగతి నన్నడక్కండి. నావి సింగిల్ స్క్రీన్లు. పాప్‌కార్న్ రేటు ఎవరు పెంచారో తేల్చండి ముందు...

(పాప్‌కార్న్ మీద నాలుగు నిమిషాలు. యాంకరూ ఉత్సాహంగా పాల్గొన్నారు. న్యాయవాది గారు ఒకసారి చెయ్యెత్తి దించేశారు.)

చిత్రకారుడు: కొచ్చి చూడండి. అక్కడ బినాలే, అంటే రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన, 2012 డిసెంబర్ 12న మొదలైంది. నేను వెళ్లినప్పుడు అది జరిగే ఆస్పిన్‌వాల్ హౌస్‌లో ఒక చీకటి గదిలో వీడియో ఆడుతోంది. చేపల సంచీతో ఒకావిడ లోపలికొచ్చి నేల మీద కూర్చుంది. సంచీ పక్కన పెట్టుకుని చివరిదాకా చూసింది. గదంతా చేపల వాసన. ఎవరూ ఏమీ అనలేదు.

యాంకర్: కొచ్చిలో సామాన్యుడు వస్తాడు, హైదరాబాద్‌లో రాడు. ఎందుకు? అదే నా ప్రశ్న!

చిత్రకారుడు: ఎస్సై గారు వచ్చారని చెప్పాను కదండీ!

నిర్మాత: ఆయన డ్యూటీ మీద వచ్చాడు సార్.

యాంకర్: (నవ్వుతూ) కరెక్టే. మా వాట్సాప్ పోల్ కూడా వచ్చేసింది. "కళాకేంద్రాలకూ సెన్సార్ ఉండాలా?" ఎక్కువమంది ఉండాలనే అన్నారు. ముగించే ముందు నిర్మాత గారు...

ఫిల్మ్ సొసైటీ: ముగింపు కూడా ఆయనదేనా?

యాంకర్: మీకూ ఇస్తాను మేడమ్, ఇరవై సెకన్లు.

ఫిల్మ్ సొసైటీ: సెన్సార్ ఉండాలా అన్నది కాదు ప్రశ్న. చిన్న ప్రదర్శనలకు ఇక్కడి ప్రాంతీయ ఆఫీసులోనే సులువుగా...

నిర్మాత: సులువు మాకూ కావాలి! మాకు ముందు చేయండి, తర్వాత వాళ్లకు...

యాంకర్: టైమైపోయింది. సామాన్యుడి గొంతు వినిపించాం. సెలవు.

(సంగీతం. మైకులు ఆపకముందు ఇది వినబడింది.)

నిర్మాత: ఆ మగ్గం వీడియో ఎన్నాళ్లుంటుంది?

చిత్రకారుడు: గురువారం దాకా సార్.

నిర్మాత: పార్కింగ్ ఉంటుందా?