తీర్పు దొరికింది సరే, అది నిలిచిందా? (న్యాయ సలహా ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: నమస్కారం. కోర్టు తీర్పులను సామాన్యులు తమంతట తాము వెతికి చదువుకోవడం ఎలాగో చెప్పడానికి సీనియర్ న్యాయవాది ఒకరు మనతో ఉన్నారు. మొదటి శ్రోత తెనాలి నుంచి.

శ్రోత: నమస్కారమండీ. మా నాన్నగారు 2003లో కాలం చేశారు. తాతల నాటి పొలంలో వాటా అడిగితే, మా అన్నయ్య వాట్సాప్‌లో సుప్రీంకోర్టు తీర్పు పంపించి, 2005 నాటికి తండ్రి బతికి లేకపోతే కూతురికి హక్కు లేదన్నారు. దాని మీద (2016) 2 ఎస్‌సీసీ 36 అని ఉంది. సుప్రీంకోర్టు పేరు చూసి మావాళ్లంతా ఇక ఊరుకోమంటున్నారండీ.

న్యాయవాది: అమ్మా, 2016వ సంవత్సరం, ఎస్‌సీసీ అనే సుప్రీంకోర్టు తీర్పుల ప్రచురణలో రెండో సంపుటం, 36వ పుట అని ఆ అంకెల అర్థం. అది ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసు. తీర్పు నిజమైనదే, కానీ ఇప్పుడు చెల్లదు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టులోనే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని తోసిపుచ్చి, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, కూతురికి సమాన వాటా ఇచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదనీ స్పష్టం చేసింది. ఏ తీర్పు చేతికొచ్చినా, తర్వాత అది నిలిచిందో లేదో చూడనిదే నమ్మకండి.

శ్రోత: ఆ తీర్పు చదవాలంటే డబ్బు కట్టాలా అండీ?

న్యాయవాది: పైసా కట్టనక్కరలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ అనే ఆన్‌లైన్ తీర్పుల సంకలనాన్ని ప్రారంభించి తన తీర్పులను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైట్‌లోనూ దొరుకుతాయి. కోర్టు నిషేధిస్తే తప్ప తీర్పును ఎవరైనా ప్రచురించవచ్చని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ప్రచురణకర్తలు సొంతంగా రాసుకున్న హెడ్‌నోట్లు, అంటే తీర్పు పైన ఇచ్చే సారాంశాలు, మాత్రం వారివేనని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హెడ్‌నోట్లు చదివి ఆగిపోకండి, అది తీర్పు కాదు.

శ్రోత: కానీ అన్నయ్య పంపిన దాని మీద కూడా సుప్రీంకోర్టు అనే ఉంది కదండీ?

న్యాయవాది: ఇందాకే చెప్పానమ్మా, రెండూ సుప్రీంకోర్టువే. ముందటిది ఇద్దరు న్యాయమూర్తులది, తర్వాతిది ముగ్గురిది, కాబట్టి తర్వాతిదే నిలుస్తుంది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం జరిగిపోయి ఉంటే దానిని తిరగదోడలేరు. పంపకం కాగితాలు ఏమైనా ఉన్నాయేమో రిజిస్ట్రార్ కార్యాలయంలో ముందు చూసుకోండి. భయపడకండి, మీది వినదగిన దావాయే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. వరంగల్ నుంచి మరో శ్రోత.

శ్రోత: సార్, నా కేసు తీర్పు నకలును సమాచార హక్కు కింద అడగవచ్చా?

న్యాయవాది: కోర్టు నిబంధనల్లో నకళ్లకు దారి ఉన్నప్పుడు ఆ దారినే వెళ్లాలని 2020లో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీ అప్లికేషన్ పెట్టండి. చదువుకోవడానికైతే ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. అప్పీలుకు మాత్రం కోర్టు ధ్రువీకరించిన సర్టిఫైడ్ కాపీయే కావాలి.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి న్యాయ విద్యార్థి. త్వరగా అడగండి.

శ్రోత: ఏఐ ఇచ్చిన సైటేషన్లను, అంటే తీర్పుల రిఫరెన్సులను, వాడుకోవచ్చా మేడమ్... క్షమించండి, సార్?

న్యాయవాది: అసలు తీర్పు తెరిచి చదవకుండా వద్దు. 2023లో న్యూయార్క్‌లో లేని తీర్పులను కోర్టుకు చూపిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. సుప్రీంకోర్టు తన ప్రతి తీర్పుకూ తానే ఇచ్చే న్యూట్రల్ సైటేషన్‌లో సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సీ, సంఖ్య ఉంటాయి. దానితో వెతికి తీర్పు పూర్తిగా చదవండి, ఆపైన అది నిలిచిందో లేదో కూడా చూడండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ధన్యవాదాలు సార్.