లెస్టర్ పాట్రిక్ అంటే ఆ ఒక్క రాత్రేనా?

అందరికీ నమస్కారం. ఐస్ హాకీ మనలో చాలామందికి కొత్తే, అందుకని ఆ ఆట చూసేవాళ్లందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడతా. 1928 ఏప్రిల్ 7, కెనడాలోని మాంట్రియల్, ఆ ఆటలో అతి పెద్ద ట్రోఫీ స్టాన్లీ కప్ ఫైనల్లో రెండో మ్యాచ్. న్యూయార్క్ రేంజర్స్ గోలీ (గోల్‌కీపర్) లోర్న్ షాబో కంటికి పక్ (బంతి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల) తగిలింది, అప్పట్లో టీమ్‌కి రెండో గోలీ ఉండేవాడు కాదు, ఆ రోజు మ్యాచ్ చూడ్డానికి వచ్చిన ఒట్టావా గోలీ అలెక్ కానెల్‌ని దింపుతాం అంటే అవతలి టీమ్ మాంట్రియల్ మరూన్స్ ఒప్పుకోలేదు. ఇంక చేసేది లేక 44 ఏళ్ల కోచ్ లెస్టర్ పాట్రిక్ తనే ప్యాడ్లు కట్టుకుని గోల్‌లో నిలబడ్డాడు. ఒక్క గోలే ఇచ్చాడు, ఓవర్‌టైమ్‌లో 2-1తో గెలిచారు, కప్పు కూడా చివరికి వాళ్లదే.

గొప్ప కథే, కాదనను. కానీ ఆయన పేరెత్తితే ఇదొక్కటే చెప్పి వదిలేస్తారు చూడండి, అదే నా బాధ.

అసలు ఆయన 1906, 1907ల్లో మాంట్రియల్ వాండరర్స్‌తో స్టాన్లీ కప్ గెలిచిన ప్లేయర్. డిఫెన్స్ వాళ్లు పక్‌ని దూరంగా కొట్టేసి వెనకే ఉండిపోయే రోజుల్లో ఈయన తనే దాన్ని తీసుకుని ముందుకెళ్లేవాడు. 1909-10 సీజన్‌కి రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరి టీమ్ ఆయనకి 3,000 డాలర్లు ఇచ్చింది, ఆడేది డజను మ్యాచ్‌లే, ఆ కాలానికి అది చాలా పెద్ద డబ్బు.

తర్వాత చేసిందే నాకు అన్నిటికన్నా ముఖ్యం. 1911లో నాన్న కలప వ్యాపారం అమ్మేస్తే, ఆ డబ్బుతో తమ్ముడు ఫ్రాంక్, ఈయన కలిసి కెనడా పడమటి తీరంలో సొంత లీగ్ పెట్టారు, చలికాలంలో కూడా సరిగ్గా గడ్డకట్టని విక్టోరియా, వాంకూవర్‌లలో మెషిన్లతో ఐస్ తయారుచేసే రింకులు (ఐస్ మైదానాలు) కట్టారు, కెనడాలో అలాంటివి అవే మొదటివి. విక్టోరియాలో ఆయనే ఓనరు, కోచ్, ప్లేయర్. అప్పటిదాకా పక్‌ని ముందున్న మనిషికి పాస్ చేయకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి, దాంతో ఆట ఊరికే ఆగిపోయేది. అన్నదమ్ములు రింకుని మూడు భాగాలు చేస్తూ బ్లూ లైన్లు గీసి మధ్య భాగంలో ముందుకి పాస్ చెయ్యనిచ్చారు. గోలీ ఐస్ మీద పడి ఆపొచ్చన్నారు, అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) లెక్కపెట్టారు, ప్లేఆఫ్‌లు పెట్టారు. ఇప్పటికీ ఉన్న పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్) వీటిని తర్వాత తీసుకుంది. ఆడినవాడికే ఆట ఎక్కడ ఇరుక్కుంటుందో తెలుస్తుంది, నా నమ్మకం అది.

1925లో ఆయన విక్టోరియా టీమ్ మాంట్రియల్ కెనడియన్స్‌ని ఓడించి కప్పు గెలిచింది, ఎన్‌హెచ్‌ఎల్ బయటి టీమ్ గెలవడం అదే ఆఖరు. మరుసటి ఏడాది పడమటి లీగ్ నిలవలేక ప్లేయర్లని అమ్మేశారు, అప్పుడే ఆయన కొత్తగా పుట్టిన రేంజర్స్‌కి వచ్చాడు. 1933లో కోచ్‌గా ఇంకో కప్పు. 1939లో కోచింగ్ వదిలి మేనేజర్‌గా ఉన్నాడు, 1940లో రేంజర్స్ మళ్లీ గెలిస్తే ఆ టీమ్‌లో ఆయన కొడుకులు లిన్, మజ్ ఇద్దరూ ఉన్నారు. ఆ తర్వాత రేంజర్స్‌కి ఇంకో కప్పు రావడానికి 1994 దాకా పట్టింది.