తగ్గిన క్యాన్సర్, తగ్గని భయం

శ్రోతలకు నమస్కారం.

క్యాన్సర్ తగ్గిందని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. నిద్రపట్టనిది పేషెంటుకే. చెకప్ కోసం ఒంగోల్లోనో నెల్లూరులోనో చెన్నై రైలెక్కేవాళ్ళను చూడండి. స్కాన్ ఫిల్ముల కవరు ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ చూడకుండా మెడ పక్కన వేళ్ళతో తడుముకుంటుంటారు, మళ్ళీ గడ్డేమైనా లేచిందేమోనని. మందులు ఆపేశారు, ఇక నన్ను కాచేదెవరు అన్నది వాళ్ళ దిగులు. "ఇంకా దాన్నే తలుచుకుంటావేం" అని దయచేసి కసురుకోకండి. ఈ భయం చాలామందికి ఉండేదే.

వాళ్ళకు నేను చెప్పాలనుకున్నది ఒకటుంది. తట్టు ఒకసారి పోస్తే మళ్ళీ పోయదని మన పెద్దవాళ్ళు అంటారు కదా. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో 1781లో తట్టు వచ్చి పోయింది. మళ్ళీ 65 ఏళ్ళ దాకా జాడ లేదు. 1846లో తిరిగొచ్చి, 7,800 మంది జనంలో సుమారు 6,000 మందిని మంచాన పడేసింది. చిన్నప్పుడు తట్టు పోసిన ముసలివాళ్ళ జోలికి మాత్రం రాలేదని డెన్మార్క్ డాక్టరు పానుమ్ రాసిపెట్టాడు. మన రక్షక కణాల్లో కొన్ని, ఒకసారి ఎదురైన జబ్బును గుర్తుపెట్టుకుని ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి.

క్యాన్సర్‌తో ఇది ఇంత సులువు కాదు. అది మన సొంత కణంలోంచే పుడుతుంది కాబట్టి తేలిగ్గా తప్పించుకుంటుంది. అయినా మన రక్షక కణాల్లో ఒక రకమైన టి కణాలు దాన్నీ పట్టగలవు. వాటికి పడిన బ్రేకులు తీసే దారి చూపినందుకే 2018లో శాస్త్రవేత్తలు ఆలిసన్‌కు, హోంజోకు నోబెల్ వచ్చింది. 2010లో అమెరికాలో రక్త క్యాన్సర్ ఉన్న ఇద్దరికి వాళ్ళ టి కణాలనే తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, తిరిగి ఎక్కించారు. పదేళ్ళ తర్వాత చూస్తే క్యాన్సర్ లేదు, ఆ కణాలు ఇంకా ఒంట్లో ఉన్నాయి! ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన ఇలాంటి చికిత్సకు 2023లో మన దేశంలోనూ అనుమతి దొరికింది.

అందరికీ ఇలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేం. చెకప్ మానుకోవడానికి దీన్ని సాకు చేసుకోవద్దు. ఇమ్యూనిటీ పెంచుతామంటూ అమ్మే పొడులు, కషాయాలు క్యాన్సర్‌ను గుర్తుపట్టడం మన కణాలకు నేర్పలేవు. ఆ డబ్బు చెన్నై ఖర్చులకు దాచుకోండి.

ఈసారి వెళ్ళినప్పుడు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో, దేనికి కంగారుపడక్కర్లేదో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. భయంతో నిద్ర, తిండి కరువైతే అది కూడా చెప్పండి. దానికీ చికిత్స ఉంది.